ఆయాసానికి మూలకణాల వైద్యం: ఇంకా పరీక్షల దశే

ఏళ్ల తరబడి ఆయాసంతో బాధపడేవారికి వారి సొంత మూలకణాలతోనే ఊపిరితిత్తులు బాగుచేస్తామని దేశ విదేశాలలో కొన్ని ప్రైవేటు క్లినిక్కులు ప్రచారం సాగిస్తున్నాయి. ఈ వైద్యం ఫలిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. పైగా డబ్బు పుచ్చుకుని దీనిని చేయడం మన దేశంలో నిబంధనలకు విరుద్ధం.

డాక్టర్లు సి.ఓ.పి.డి. అని పిలిచే ఈ జబ్బు రాను రాను ముదురుతుంది. బీడీ, చుట్ట, సిగరెట్లతో పాటు కట్టెల పొయ్యి పొగ, దుమ్ము దీనికి ముఖ్య కారణాలు. అందుకే చుట్ట ముట్టని ఆడవారికి సైతం ఇది వస్తున్నది. 2021లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల మంది దీనితో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊపిరితిత్తులలో చితికిపోయిన గాలితిత్తులను తిరిగి మొలిపించే మందు నేటికీ లేదు. ఆశను అమ్ముకునేవారికి ఇదే సందు.

రోగి తుంటి ఎముక మూలుగ నుంచి గాని, పొట్ట కొవ్వు నుంచి గాని కణాలు తీసి, వేరుచేసి, నరానికి ఎక్కిస్తారు. అవి ఊపిరితిత్తులను కొత్తగా పుట్టిస్తాయని క్లినిక్కుల వాదన. అయితే ఇలా ఎక్కించిన కణాలు ఊపిరితిత్తులలో కొద్ది రోజులే నిలిచి నశిస్తాయని జంతువులపై జరిపిన పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో 62 మంది రోగులకు దాతల మూలకణాలు ఎక్కించి రెండేళ్లు గమనించారు. హాని కనిపించలేదు గాని, ఊపిరితిత్తుల శక్తి కూడా పెరగలేదని 2013లో ప్రకటించారు. సొంత కణాలు ఇంతకన్న మేలు చేస్తాయని నిలబడే రుజువు లేదు.

సొంత కణాలే కదా, హాని ఏముంటుందనుకోవడం పొరపాటు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్కు 2015లో కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్లలోకి ఎక్కించగా ముగ్గురు స్త్రీల చూపు పోయింది. ఆయాసానికి కూడా వైద్యం చేస్తామని చెప్పుకున్న ఆ సంస్థను 2019లో కోర్టు నిలువరించింది. 2021లో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలుగ మార్పిడి తప్ప, మూలకణాల వాడకమంతా ప్రయోగమే. అనుమతి పొంది, రిజిస్టరు చేసిన పరీక్షలోనే చేయాలి. అందులో చేరిన రోగి వద్ద వైద్యానికి డబ్బు వసూలు చేయరాదు.

కనుక అడ్వాన్సు కట్టే ముందు రోగి బంధువులు ఒక్క మాట అడగాలి: ఇది వైద్యమా, పరీక్షా? వైద్యమంటే అనుమతి లేదు. పరీక్ష అంటే డబ్బు ఎందుకు?

నయం కాకున్నా జబ్బును అదుపులో ఉంచే దారులున్నాయి. అన్నిటికన్న ముందు పొగ మానాలి. డాక్టరు రాసిన పీల్చే మందు క్రమంగా వాడాలి. పంపు అలవాటైపోతుందన్న భయం అక్కరలేదు. నడక, శ్వాస వ్యాయామం సత్తువనిస్తాయి. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గినవారికి రోజుకు కనీసం 15 గంటలు దానిని అందిస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వెలువడిన అమెరికా, బ్రిటన్ పరీక్షలు రుజువు చేశాయి.

మూలకణాలపై పరిశోధన సాగవలసిందే. ఏదో ఒకనాడు ఫలితం రావచ్చు. అంతవరకు దాని ఖర్చు పొలం అమ్మిన రోగి భరించవలసిన పని లేదు.