సిగ్గు విడువవలసిన వ్యాధి



స్త్రీలు నోరు విప్పి చెప్పుకొననొల్లని బాధలలో మూత్రము పోవునపుడు కలుగు మంట యొకటి. మన ప్రాచీన వైద్యగ్రంథములు మూత్రము కష్టముతో వెడలుటను మూత్రకృచ్ఛ్రమనినవి. స్త్రీలకు మూత్రనాళము పొట్టిదగుటచే క్రిములు సులభముగా మూత్రాశయమును చేరును. సిగ్గుచే వైద్యునికి చెప్పక, ఇంట మిగిలియున్న మాత్రనో, అంగడివాడిచ్చిన మాత్రనో మ్రింగి యూరకుండుట పలు యిండ్లలో పరిపాటి. దానివలని కీడు నీ మాసమున విన్నవించెదను.

ఈ వ్యాధికి ముఖ్యకారణమగు క్రిమి ఇ. కోలై. అది మన ప్రేగులలోనే కాపురముండును. అచ్చట నున్నంతకాలము సాధారణముగా హాని చేయదు; మూత్రమార్గమున చొచ్చినప్పుడే బాధించును. ఇక జలుబును కలిగించునవి వైరసులు. యాంటీబయోటిక్ మందులు వానిని చంపజాలవు. అయినను జలుబునకై అట్టి మాత్ర మ్రింగినచో, అది ప్రేగులలోని క్రిములపై పనిచేయును. లొంగునవి చచ్చును, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. పైరును పెరికి కలుపును నిలిపినట్లగును. అంతియకాదు, ఆ లొంగని గుణమును ఒక క్రిమి వేరొక జాతి క్రిమికిని ఈయగలదు. పిమ్మట నా మొండి క్రిములే మూత్రాశయమును చేరినచో వైద్యుడిచ్చు మందు పనిచేయకపోవచ్చును. నాడు వ్యర్థముగా మ్రింగిన మాత్ర నేడు కావలసిన మాత్రను వ్యర్థము చేయును.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగు, 1945లో నోబెల్ బహుమానము నందుకొనిన సందర్భమున, చాలీచాలని మోతాదులు క్రిములను మొండిబార్చునని హెచ్చరించెను. 2008లో భారతదేశమున చికిత్స పొంది స్వీడనునకు మరలిన యొక రోగి మూత్రమున, మిక్కిలి బలమైన కార్బాపెనెమ్ మందులకును లొంగని క్రిమి కనబడెను. 2014 నుండి మన ప్రభుత్వము కొన్ని యాంటీబయోటిక్ మందులను షెడ్యూల్ హెచ్1 నందు చేర్చి, వైద్యుని చీటి లేక అమ్మరాదని నియమించినది. చట్టమెంత యున్నను, మాత్రను నోట వేసికొనువారు మనమే కదా!

కావున మంటయు, మాటిమాటికి మూత్రము వచ్చుటయు కలిగినచో వైద్యునికి చెప్పవలెను. ఆయన కోరినచో మందు మొదలిడుటకు పూర్వమే మూత్రమును కల్చరు పరీక్షకీయవలెను. ఏ మందునకు క్రిమి లొంగునో రెండు మూడు దినములలో తెలియును. చెప్పినన్ని దినములు మందు వాడవలెను. మిగిలినచో దాచరాదు, పొరుగువారికీయరాదు. చలిజ్వరము, నడుము ప్రక్కల నొప్పి, వాంతులు కలిగినచో వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదేమో యని యా దినముననే వైద్యుని చూడవలెను. గర్భిణులు బొత్తిగా ఆలస్యము చేయరాదు.

క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు ఈ బాధను తానై చెప్పజాలదు. ఇంటి పెద్ద స్త్రీలు తామే చల్లగా నడిగి, వైద్యుని కడకు తోడు వెళ్లుదురు గాక.