పీపీటీ నువ్వు చూసుకో

పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాస్తే, ఇంజినీరింగ్ పిల్లలు కొందరు ఇన్‌బాక్స్‌లోకొచ్చి "మా ల్యాబుల సంగతి కూడా రాయండి సార్" అన్నారు. నాది తెలుగు సాహిత్యం. ఎర్ర వైరేదో నల్ల వైరేదో తెలుసు, అంతే. అందుకే గురుకులంలో ఇంటర్ చదివినప్పుడు నా క్లాసులో కూర్చున్న పిల్లని, ఇప్పుడు బీటెక్ మూడో ఏడు, అడిగి చెప్పించుకుని రాస్తున్నాను.

వాళ్ల కాలేజీలో పోటీ. నలుగురేసి ఒక టీమ్. మొదటి రోజు చిన్న చక్రాల రోబో తయారు చెయ్యాలి. రెండో రోజు అవతలి టీమ్ రోబోని హ్యాక్ చెయ్యాలి, తమదాన్ని కాపాడుకోవాలి.

టీమ్ కట్టిన పది నిమిషాల్లో పంపకాలైపోయాయి. కోడింగ్ ఇద్దరబ్బాయిలు తీసుకున్నారు, సొంత ల్యాప్‌టాప్‌లున్నవాళ్లు. సోల్డరింగ్, మోటార్లు బిగించడం మనోడొకడికి. ఈ పిల్లతో ఏమన్నారంటే, "పీపీటీ నువ్వు చూసుకో, నీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటుందిగా." పీపీటీకి హ్యాండ్‌రైటింగ్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కులమంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. అది అర్థం కావాలంటే పల్లెకే పోనక్కర్లేదు, ప్రాజెక్ట్ ల్యాబులో ఓ గంట నిలబడితే చాలు.

ఆ పిల్ల రాత్రి ఫోన్లో కూర్చుని చదివింది. ఆ రోబోలు నడిచేది ఆర్ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాని మొదటి వెర్షన్లో పాస్‌వర్డ్ లేదు, నువ్వెవరని అడగదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లెవరైనా 11311 పోర్టు దగ్గర కనెక్ట్ అయ్యి ఆర్డరేస్తే వింటుంది. ల్యాబులో ఉండేది మనవాళ్లేగా అన్న నమ్మకంతో కట్టింది మరి. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు వెతికితే ఇలా తలుపులు తెరిచి ఇంటర్నెట్‌లో పడున్నవి వందకు పైగా దొరికాయట. రెండో వెర్షన్‌కి తాళాలున్నాయి, కానీ మనమే వేసుకోవాలి.

రెండో రోజు అబ్బాయిలు వైఫై దాటి, పాస్‌వర్డ్ ఎక్కడుందా అని వెతుకుతుంటే, ఈమె పక్కవాడి ల్యాప్‌టాప్ అడిగి తీసుకుంది. ఒక్క కమాండ్. అవతలి రోబో ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అదే ల్యాప్‌టాప్‌లో చిన్న స్క్రిప్టు రాసి, బయటి మాట తమ రోబోకి చేరకుండా కట్టేసింది కూడా.

ఫస్ట్ ప్రైజొచ్చింది. స్టేజీ మీద జడ్జి అబ్బాయిల్ని కోడ్ గురించి అడిగాడు. ఈమెను ఎంసెట్ ర్యాంకు అడిగాడు. రోబో అడగని ప్రశ్న మనిషి అడిగాడు. సర్టిఫికెట్లో ఈమె పేరు పక్కన 'డాక్యుమెంటేషన్'.

గిట్‌లో చూద్దామంటే అక్కడా లేదు. ఎవడి ల్యాప్‌టాప్‌లోంచి కమిట్ చేస్తే వాడి పేరే పడుతుంది. ఆ స్క్రిప్టు ఈరోజుకీ ఆ అబ్బాయి పేరు మీదే ఉంది. అతనేం దొంగ కాదు, అసలు గమనించనే లేదు. నాకు కోపమొచ్చింది ఆ గమనించకపోవడం మీదే.

అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చి మార్కులేయించుకునే చదువులో, రిజర్వేషన్ పిల్లల దగ్గరే మెరిట్ గుర్తొస్తుంది కొందరికి. సరే, పరీక్షించండి. టీమ్‌లో ప్రతి ఒక్కరినీ విడిగా కీబోర్డు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి. లీడర్‌తో మాట్లాడించి పంపెయ్యకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అరువు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తే కమిట్‌కి ముందు పేరూ, మెయిలూ మీవి పెట్టుకోండి. ఒక్క నిమిషం పని.

వచ్చే సెమిస్టర్‌కి ఈ పిల్ల తన హాస్టల్ వాళ్లతో సొంత టీమ్ కడుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మోటార్లకి రాదు. ఇంట్లో వాడకుండా పడేసిన రాస్ప్‌బెర్రీ పై బోర్డులు, పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లోకి రండి. జై భీమ్.