తొలి గిటారు: తల్లులు చూడవలసినవి



గతమాసమున నొక సోదరి జాబు వ్రాయుచు, “మా అమ్మాయికి పదియవ యేడు. గిటారు నేర్చుకొందునని పట్టుపట్టినది. ఇంట నెవ్వరికిని ఆ వాద్యమును గూర్చి తెలియదు. మొదట తక్కువ వెలది కొని, శ్రద్ధ నిలిచినచో తరువాత మంచిది కొనవచ్చునా?” అని యడిగినారు. ఈ ప్రశ్న నేడు పెక్కిండ్లలో పుట్టుచున్నదే. కావున ఈ మాసపు శీర్షికను దీనికే వినియోగించుచున్నాను.

మొదట నా తప్పు చెప్పుకొనెదను. మా అమ్మాయికి పదునొకండేండ్లు నిండినపుడు, అంగడిలో ఎఱ్ఱగా మెరయుచుండిన గిటారునొకదానిని నేనే యేరి కొంటిని. దాని రంగు చూచితిని, వెల చూచితిని. తీగెలను మాత్రము చూడలేదు. పిల్ల మొదటి వారమంతయు దానిని ఒడినుండి దింపలేదు. రెండవ వారమున వ్రేళ్ల కొనలు కందినవి. నెల తిరుగకముందే ఏదో యొక సాకుతో అభ్యాసము తప్పించుకొన నారంభించెను. “నీకు పట్టుదల లేదు; ఏదియు చివరంట సాగింపవు” అని పలుమారు మందలించితిని. మూడు నెలలకు గిటారు గోడకెక్కినది.

ఏడాది తరువాత మా యింటికి వచ్చిన యొక సంగీతోపాధ్యాయిని దానిని దించి, తీగెలను రెండుచోట్ల నొక్కి చూచి, “ఇది నాకే కష్టముగ నున్నదమ్మా! పసిపిల్ల యెట్లు నొక్కును?” అనెను. నాకు నోట మాట రాలేదు. లోపము కొయ్యలో నుండగా, దానిని బిడ్డ స్వభావమునకు అంటగట్టితిని గదా! నేర్వలేక మానినారని మనము తలచు పిల్లలలో నొక్కలేక మానినవారు కొందఱుందురు. తొలి గిటారు విషయమున నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే: రంగును, పేరును, వెలను చూచుటకు ముందు, మీ బిడ్డ వ్రేలు ఆ తీగెను సుఖముగా నొక్కగలదా యని చూడుడు.

గిటారు స్పెయిను దేశమున పెరిగిన వాద్యము. నేడు మనమెఱిగిన నైలాను తీగెల గిటారు రూపమును, పరిమాణమును స్థిరపఱచినవాడు ఆ దేశపు శిల్పి అంటోనియో డి టోరెస్ (1817–1892). మన వీణకు వలెనే దీనికిని దండియు, మెట్లును, తీగెలను మోయు గుఱ్ఱమును గలవు. కాని వీణమెట్లు మైనముపై నిలుపబడును. మైనము చెడినచో మరల మేళము కట్టించుకొనవచ్చును. గిటారుమెట్లు దండిలోనికే దిగగొట్టబడి యుండును. వానిని సవరించుట అంత సులభము కాదు. కొనునపుడే సరిగా నుండవలయును.

ఇక రకములు. గిటారునకు సాధారణముగా ఆరు తీగెలు. నైలాను తీగెలది యొకరకము, ఉక్కుతీగెలది మఱియొకరకము. పూర్వము ప్రేగులతో చేసిన తంత్రులు కట్టెడివారు. 1940 తరువాత నైలాను తంత్రులు వచ్చి వాని స్థానము నాక్రమించినవి. ఈ రెండు రకములకు గల భేదము నాదమునందే కాదు, బిగువునందును గలదు. పెద్ద గిటారుపై నైలాను తీగెలారును కలిసి లాగు బలము సుమారు 40 కిలోలు. ఉక్కుతీగెలది 70 కిలోలకు పైగా నుండును. లేతవ్రేళ్లకు నైలానే మెత్తన. అందువలన పసిపిల్లలకు సామాన్యముగా నైలాను తీగెలది మేలు.

అయినను పిల్ల మనసు నడుగకుండ నిర్ణయింపరాదు. ఉక్కుతీగెలపై పాటకు తోడుగా వాయించు ఆ గలగల నాదమునే ఆమె కోరుచున్నచో, నైలాను గిటారు చేతికిచ్చిన నిరుత్సాహపడును. అట్టి సందర్భమున ఉక్కుతీగెలదే కొని, మిక్కిలి సన్ననివి కట్టించుడు. నైలాను గిటారునకు ఉక్కుతీగెలు మాత్రము ఎన్నడును కట్టింపకుడు. ఆ బిగువునకు తాళలేక గుఱ్ఱము ఊడివచ్చును, పలక ఉబ్బును. విద్యుత్ గిటారు తీగెలు సన్ననివి, నొక్కుటకు సుళువైనవి. కాని నాదమును పెంచు యంత్రమును దానితో కొనవలసివచ్చును.

ఇంకొక హెచ్చరిక. కొన్ని యిండ్లలో తాతగారి కాలపు హవాయి గిటారు అటకపై నుండును. దానిని ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, తీగెలపై ఉక్కుకడ్డీని జార్చుచు వాయింతురు. కడ్డీ మెట్లకు తగులకుండుటకై తీగెలు మిక్కిలి యెత్తున నుండును. ఈ పద్ధతినుండి పెరిగిన మోహనవీణను వాయించియే విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ బహుమానము పొందినారు. అది గొప్ప విద్యయే. కాని వ్రేళ్లతో నొక్కి నేర్చుకొనదలచిన పిల్లకు ఆ గిటారు పనికిరాదు.

పరిమాణమును గూర్చి: పెద్దల గిటారులో గుఱ్ఱమునుండి తలవైపు మొదటి ఆనుడు వఱకు తీగెపొడవు సుమారు 65 సెంటీమీటర్లు. అంతకంటె చిన్నవి ముప్పాతిక, అర, పాతిక అను పేరులతో దొరకును. పండ్రెండేండ్లు దాటినవారికి పెద్దది, ఎనిమిది మొదలు పదునొకండు వఱకు ముప్పాతిక, ఆఱు మొదలు ఎనిమిది వఱకు అర యని సామాన్యముగా చెప్పుదురు. కాని వయస్సుకంటె దేహమే ప్రమాణము. పిల్లను కుర్చీపై నిటారుగా కూర్చుండబెట్టి గిటారు నొడిలో నుంచుడు. కుడి భుజము పైకి లేవకుండ, ఎడమచేయి మొదటి మెట్టును సుఖముగా నందుకొన్నచో అది తగినది. పెద్దయ్యాక పనికివచ్చునని పెద్దది కొనుట, రెండేండ్ల తరువాత సరిపోవు చెప్పులతో నేడు నడిపించుట వంటిది.

అంగడిలో చేయవలసిన పరీక్షలు నాలుగు. వీనికి సంగీతజ్ఞానముతో పని లేదు.

మొదటిది ఎత్తు. పండ్రెండవ మెట్టువద్ద తీగెకును మెట్టునకును గల ఎడము కొలువుడు. నైలాను గిటారునకు సన్నతీగె క్రింద 3 మిల్లీమీటర్లు, లావుతీగె క్రింద 4. ఉక్కుగిటారునకు సన్నతీగె క్రింద 2, లావుతీగె క్రింద రెండున్నర. ఇంచుమించుగా ఇవి తగిన కొలతలు. ఇంతకు మించి చాల యెత్తున్నచో సవరించి యిమ్మని యడుగుడు. సవరింపనిచో ఆ గిటారును వదలివేయుడు.

రెండవది దండి. గిటారును కంటియెదుట నెత్తి, బాణపు వాటము చూచినట్లు దండివెంబడి చూడుడు. అది మెలిదిరిగి యుండరాదు. స్వల్పమైన లోవంపు దోషము కాదు.

మూడవది శ్రుతి. పండ్రెండవ మెట్టు తీగెకు నట్టనడుమ నుండును. ఆ మెట్టుకు సరిగా పైన తీగెను వ్రేలితో తాకీతాకనట్లు తాకి మీటిన నొక నాదము వచ్చును. తరువాత ఆ మెట్టువద్దనే గట్టిగా నొక్కి మీటుడు. రెండును ఒక్క స్వరమే కావలయును. భేదము వినిపించినచో ఆ గిటారు ఎంత శ్రుతిచేసినను అపస్వరమే పలుకును; పిల్ల చెవి చెడును.

నాలుగవది మెట్లు. ప్రతి తీగెను ప్రతి మెట్టువద్ద నొక్కి మీటుడు. ఎచ్చటనైన జరజరమను శబ్దము వచ్చినచో ఆ మెట్టు ఎగుడుదిగుడుగా నున్నదని గ్రహింపుడు. దండి యంచున చేతితో తడవి చూడుడు, మెట్టుకొనలు గీసికొనరాదు.

ఇక కొయ్యమాట. పైపలకకు స్ప్రూస్, దేవదారుజాతి కొయ్యలు వాడుదురు. ప్రక్కలకును వెనుకకును వాడు మేలిజాతి కొయ్యలలో మన దక్షిణదేశపు అడవుల జిట్టేగి యొకటి. ఒకే చెక్కనుండి తీసిన పైపలకకు నాదమెక్కువ. పొరలు అతికించినదానికి నాదము కొంత తగ్గినను, ఎండవానలకు ఓర్పెక్కువ. తొలి గిటారునకు పొరలపలక యైనను చాలును. నగిషీపనికిని మెఱుగునకును పెట్టు సొమ్మును తీగెలయెత్తు సవరింపునకును, అదనపు తీగెలకును, శ్రుతి చూచు చిన్న యంత్రమునకును నిలుపుకొనుడు. నేడు చేతిఫోనులోనే శ్రుతి చూచుకొను సాధనము ఉచితముగా దొరకుచున్నది.

మన యెండలును, కోస్తా యుక్కయు కొయ్యకు శత్రువులు. మూసియుంచిన కారులోను, కిటికీ యెండలోను, పొయ్యి దాపునను గిటారునుంచకుడు. అతుకు ఊడును, దండి వంగును. వాయించిన వెనుక తీగెలను పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టుట పిల్లకే అలవాటు చేయుడు.

జాబు వ్రాసిన సోదరికి నా ప్రత్యుత్తరము: తక్కువ వెలది కొనుటలో తప్పు లేదు, నొక్కరానిది కొనుటయే తప్పు. పై నాలుగు పరీక్షలకు నిలిచిన తక్కువ వెలది, నిలువని మేలుజాతిదానికంటె మేలు. వీలైనచో నేర్పబోవు గురువును వెంట తీసికొని పొండు. వాడిన గిటారైనను ఈ పరీక్షలకు నిలిచినచో సంకోచింపవలదు. కొన్న తరువాత మొదటి వారములలో వ్రేలికొనలు కొంత నొచ్చుట సహజము. దినమునకు పదునైదు నిమిషములు చాలును, చర్మము గట్టిపడును. మణికట్టుగాని భుజముగాని నొచ్చినచో మాత్రము పిల్లను దండింపక గిటారును పరీక్షింపుడు.

మా యింట జరిగినది చెప్పి ముగించెదను. ఆ యుపాధ్యాయిని తన పాత ముప్పాతిక గిటారును మా యమ్మాయికి ఎరువిచ్చినది. అది రంగు వెలిసినది, మూలలు చిట్లినది. నేను పిల్లను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, “తప్పు నీది కాదమ్మా, నాది” అని చెప్పితిని. ఆమె బదులు పలుకలేదు. ఆ సాయంకాలము నేను వంటయింట నుండగా ముందుగదిలోనుండి ఒక్క స్వరము, తరువాత మఱియొకటి, జంకుచు జంకుచు వినవచ్చినవి. నేను చూడబోలేదు, పొయ్యి తగ్గించి వినుచు నిలిచితిని.