తప్పు తల్లిపాలది కాదు

రెండు మూడు నెలల పసివాడి విరేచనంలో జిగురూ, నెత్తురు చారలూ కనబడితే మన దివిసీమ ఇళ్లలో ముందుగా వినబడేది ‘తల్లిపాలు పడలేదు, మాన్పించండి’ అన్న మాటే. ఆ వెంటనే డబ్బాపాలు! 1992 చట్టం పుణ్యమా అని తల్లిపాలే మేలని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. లోపల ఉండేది మామూలుగా ఆవుపాల పొడే.

చికిత్స ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మనం తప్పటడుగు వేస్తున్నాం. అంటురోగమో, మలద్వారం చిట్లడమో కాదని డాక్టరు తేల్చాక, అనుమానించాల్సింది పాల ఎలర్జీని. తల్లి తాగిన ఆవుపాల ప్రోటీను కొద్దిగా చనుబాలలోకి దిగుతుంది. గేదెపాలకు మారినా ఫలితం ఉండదు. డాక్టరు సలహాతో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ మానేసి చూడాలి. తగ్గాక మళ్లీ తాగి చూడాలి. తిరగబెడితేనే ఎలర్జీ అని నమ్మకం. చాలామంది పిల్లలకు ఏడాది నిండేసరికి అదే సర్దుకుంటుంది.

‘పాలు తాగితేనే పాలు పడతాయి’ అనే అత్తగార్లు ఒప్పుకోవాలిగా మరి! ఒప్పుకున్నా, ఇదే సాకుగా పప్పూ, కూరా, సొరపిట్టూ కూడా మాన్పించి బాలింతను కారప్పొడి మెతుకులతో ఎండగట్టడం ఏం న్యాయం?

పసరు వాంతులు, కడుపు ఉబ్బరం, ఉండుండి గుక్కపట్టి ఏడుపు ఉంటే మాత్రం పథ్యాల చర్చ కట్టిపెట్టండి. పేగులో పేగు దూరి ఉండొచ్చు. హంసలదీవి నుంచి అవనిగడ్డ మీదుగా బందరు చేరాలంటేనే బోలెడు సేపు. తెల్లారనిద్దాం అనుకోకండి, అప్పుడే బయల్దేరండి.