మంత్రం వేస్తే అన్నం పుడుతుందా?

"పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని ఆ మంత్రాల పుస్తకాలేంటే?" అని పిల్లల్ని కసరని ఇల్లు ఉండదేమో! మంత్రదండాలు, చీపురుకట్ట మీద ఎగరడాలు... ఇవన్నీ చదివితే పిల్లల బుర్రలు పాడవుతాయని మనలో చాలామందికి భయం. ఈ వారం ఆ పుస్తకాల గురించే నాలుగు మాటలు చెప్పాలనుంది.

హ్యారీ పోటర్ పేరు మీరంతా వినే ఉంటారు. జె.కె. రోలింగ్ అనే ఆవిడ రాసిన మొదటి పుస్తకం 1997లో లండన్‌లో అచ్చయింది. ఏడోది, కథ ముగిసేది, 2007లో వచ్చింది. నాది ఇంటర్ చదువే అయినా డిక్షనరీ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం పనులయ్యాక కొంచెం కొంచెంగా ఏడూ పూర్తిచేశాను. అందులో యుద్ధాలూ రాక్షసులూ గురించి మీ పిల్లలే చెబుతారు. నేను చెప్పేది వంటింటి సంగతి. అవునండీ, ఆ కథలో వంటిల్లు కూడా ఉంది!

ఏడో పుస్తకంలో హ్యారీ, రాన్, హెర్మయినీ అనే ముగ్గురు స్నేహితులు శత్రువులకు దొరక్కుండా డేరా వేసుకుని అడవుల్లో తిరుగుతూంటారు. తిండికి కటకట. ఒక రాత్రి మాడిపోయిన చేపముక్కని చూసి రాన్ మొహం చిట్లించి, తన తల్లయితే గాల్లోంచి కమ్మని భోజనం రప్పిస్తుందని అంటాడు. హెర్మయినీకి ఒళ్ళు మండుతుంది. మీ అమ్మే కాదు, ఎవ్వరూ శూన్యంలోంచి తిండి పుట్టించలేరంటుంది. మంత్రవిద్యలోనే అలా ఒక నియమం ఉందట! తిండి ఎక్కడుందో తెలిస్తే రప్పించుకోవచ్చు, ఉన్నదాన్ని ఎక్కువ చెయ్యొచ్చు, రూపం మార్చొచ్చు. లేనిదాన్ని మాత్రం పుట్టించలేరు. ఆడపిల్లననేగా ఎప్పుడూ వంట నా మీద పడుతోందని దులిపేసి, రేపు నువ్వు వండు, నేను కూర్చుని వంకలు పెడతానంటుంది.

ఇది చదివితే నాకు నవ్వూ వచ్చింది, మనసు చివుక్కూమంది. ఏడుగురు పిల్లల్ని కన్న తల్లి ఇన్నేళ్ళూ వండి పెట్టిన అన్నం గాల్లోంచి వచ్చిందనుకున్నాడు పదిహేడేళ్ళ కొడుకు! మనిళ్ళలో మాత్రం? పొద్దున్నే కంచంలోకి ఇడ్లీ రావాలంటే ముందురోజు పప్పు ఎవరు నానబోశారో, ఎవరు రుబ్బారో ఎంతమంది మగపిల్లలకి తెలుసు? మన భారతంలో అక్షయపాత్ర చూడండి. ద్రౌపది తిననంతవరకే అది పెడుతుంది. అంటే మహిమ గల పాత్ర ఇంట్లో ఉన్నా ఇల్లాలు అందరికీ పెట్టి ఆఖర్నే తినాలన్నమాట!

వాళ్ళు చదివే హాగ్వార్ట్స్ బడిలోనూ ఇదే తంతు. బల్లల మీద భోజనాలు వాటంతటవే ప్రత్యక్షమవుతూంటాయి. అంతా మంత్రమే అనుకుంటాం. 2000లో వచ్చిన నాలుగో పుస్తకంలో అసలు గుట్టు బయటపడుతుంది. కింద వంటింట్లో హౌస్ ఎల్ఫ్‌లు అనే పొట్టి జీవులు వందకి పైగా ఉండి, జీతం, సెలవు లేకుండా చాకిరీ చేస్తూంటాయి. ఆ సంగతి తెలిసి హెర్మయినీ కంచం పక్కకి తోసేస్తుంది. వాటి కోసం సంఘం పెడుతుంది. అందరూ నవ్వుతారు. వాటికి పనంటేనే ఇష్టం, నీకెందుకంటారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "ఆవిడకి వంటంటే ప్రాణం" అని మన గురించీ అంటారు కదా!

స్వేచ్ఛ పొందిన డాబీ అనే ఎల్ఫ్‌కి హెడ్‌మాస్టరు వారానికి పది బంగారు నాణేలూ, శని ఆదివారాలు సెలవూ ఇస్తానంటే, అంత వద్దని బేరమాడి ఒక్క నాణేనికీ, నెలకొక్క సెలవుకీ ఒప్పుకుంటుంది. తన కష్టానికి విలువ కట్టుకోవడం అలవాటు లేని ప్రాణం మరి! నాలుగో పుస్తకాన్ని 2005లో సినిమాగా తీసినప్పుడు ఈ ఎల్ఫ్‌ల గొడవంతా తీసేశారు. అందుకే సినిమా చూశాం చాలు అనే పిల్లలకి పుస్తకం కూడా ఇవ్వాలంటాను.

ఇంకొకటుంది. హ్యారీకి తండ్రిలాంటి సిరియస్ మంచివాడే. ఒక మనిషి గుణం తెలియాలంటే తనకన్నా తక్కువవాళ్ళని ఎలా చూస్తాడో చూడమని పిల్లలకి చెబుతాడు కూడా. తన ఇంట్లో పనిచేసే క్రీచర్ని మాత్రం ఎప్పుడూ ఈసడించుకుంటాడు. ఆ క్రీచరే చివరికి అబద్ధం చెప్పి అతని చావుకి కారణమవుతుంది. ఆ తర్వాత హ్యారీ నెమ్మదిగా మాట్లాడి ఒక చిన్న కానుక ఇస్తే, అదే క్రీచర్ ఇల్లు అద్దంలా ఉంచి ప్రేమగా వండి పెడుతుంది. పనమ్మాయికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్ళలో పిల్లలు ఇది తప్పకుండా చదవాలి. పెద్దలు అంతకన్నా ముందు చదవాలి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. నాలుగో పుస్తకం నించి చావులు ఎక్కువ. పదేళ్ళ లోపు పిల్లలకి అక్కడ ఆపించడం మంచిది. పైగా ఇంత చెప్పిన రచయిత్రి, యుద్ధం ముగిశాక హ్యారీ చేత ఏమనిపించిందనుకున్నారు? క్రీచర్ ఒక శాండ్‌విచ్ తెచ్చిపెడితే బాగుండునట! హెర్మయినీ సంఘం ఏమైందో మరి. లోకాన్ని రక్షించిన కుర్రాడికీ చేతికందించేవాళ్ళు కావాలి!

కాబట్టి పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోకండి. చదివాక, ఆ మాయాలోకంలో వండిందెవరు, గిన్నెలు తోమిందెవరు అని అడగండి. ఆడపిల్లనే కాదు, మగపిల్లాడినీ అడగండి. జవాబు సరిగ్గా చెబితే, ఆ రాత్రి పప్పు నానబొయ్యడం వాడికే అప్పజెప్పండి. దానికి మంత్రం అక్కర్లేదు, గిన్నెడు నీళ్ళు చాలు. ఏమంటారు?