మూగజీవాల రోగాలు – లాభనష్టాల లెక్క

గచ్చిబౌలి అనగానే నేటి యువతకు అద్దాల మేడలు, కంప్యూటర్ సంస్థలు స్ఫురిస్తాయి. కాని హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడానికి పదహారేళ్ళ ముందే, 1982లో, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థను నెలకొల్పింది. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధికి ఆ సంస్థ గచ్చిబౌలిలోనే టీకాలు తయారుచేసి రైతులకు చౌకగా అందించింది.

గాలికుంటు సోకిన పశువుకు జ్వరం వస్తుంది. నోటిలోను, గిట్టల నడుమను పుండ్లు పడతాయి. అది మేయలేదు, నడవలేదు. పెద్ద పశువులు చాలావరకు బ్రతుకుతాయి గాని లేగదూడలు మరణిస్తాయి. పాలు తగ్గిపోతాయి. ఎద్దు అరకకు పనికిరాదు. రెండు గేదెల మీద ఆధారపడిన కుటుంబానికి ఇది తీరని దెబ్బ.

మరి నివారణకు వ్యయం లేదా? తప్పక ఉన్నది. ఈ టీకా ప్రభావం కొద్ది నెలలే కనుక ఆరు నెలలకొకసారి వేయాలి. తయారైన నాటి నుండి పశువుకు వేసే వరకు దానిని చల్లదనంలోనే భద్రపరచాలి. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల అదుపునకు కేంద్ర ప్రభుత్వం 2019లో ఐదేళ్ళకు 12,652 కోట్ల రూపాయలతో జాతీయ పథకాన్ని ప్రారంభించింది. లక్ష్యంగా పెట్టుకొన్న పశువులు 50 కోట్లకు పైబడినవి. అంటే ఏటా ఒక్కొక్క పశువుకు రమారమి 50 రూపాయలు. నేడు నగరంలో లీటరు పాల వెలకు ఇది మించదు.

టీకా ఉచితమైనా రైతుకు ఒక పూట పని పోతుంది. టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు పాలు తగ్గవచ్చు. చూలు పశువు విషయంలో అతనికి భయమూ ఉంటుంది. ఇది అజ్ఞానమని కొట్టివేయరాదు. అతని లెక్కలో అదీ ఖర్చే.

వ్యాధి ప్రబలిన పిదప మేల్కొంటే ఏమవుతుంది? 2001లో బ్రిటన్‌లో గాలికుంటును అరికట్టడానికి 60 లక్షలకు పైగా జీవాలను వధించారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయింది. పశువే ఆస్తిగా బ్రతికే మన రైతుకు ఆ మార్గం శరణ్యం కాదు.

దీనికి భిన్నంగా, రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారిపై దశాబ్దాల పాటు పోరాడి 2006లో మన దేశం, 2011లో ప్రపంచం విముక్తి పొందాయి. దానితో ఆ టీకాల ఖర్చూ నిలిచిపోయింది. గాలికుంటు వైరస్‌లో పలు రకాలున్నందున ఈ పోరు మరింత కష్టం. అయినా పాఠం ఒక్కటే. సగంలో విడిచిన పని వ్యయాన్ని మిగల్చదు, ఫలితాన్ని పోగొడుతుంది. టీకా వేయని ఒక్క మంద చాలు, ఊరంతటికీ వ్యాధి సోకడానికి.

కనుక టీకా ఖర్చు ప్రభుత్వం భరిస్తే సరిపోదు. వైద్యుడు రైతు వాకిటికే రావాలి. టీకా వలన పశువుకు హాని జరిగితే పరిహారం అందాలి. నివారణ వలన లాభం పాలు త్రాగే మనందరిదీ. దాని భారం మాత్రం పాలు పిండే వానిదే కావడం న్యాయం కాదు.