"గ్యాస్ పోయిందా?" అంటే సిగ్గెందుకు?

ఆపరేషనై వార్డుకొచ్చిన బాలింతను మర్నాడు పొద్దున్నే నర్సమ్మ అడిగే మొదటి మాట, "గ్యాస్ పోయిందామ్మా?" అని. పక్కనే మామగారో, మరిదో ఉంటారు. ఆమె సిగ్గుతో ముఖం అటు తిప్పేసుకుంటుంది. "ఇంకా పోలేదంట, నీళ్లు కూడా ఇయ్యొద్దు" అని తల్లో అత్తో తీర్మానించేస్తుంది. నాలుక పిడచకట్టుకుపోతున్నా ఆ పిల్ల నోరు విప్పదు.

కరీంనగర్‌లో ఇది ఇంటింటి ముచ్చటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, తెలంగాణలో అవి 60.7. కరీంనగర్ జిల్లాలో 80 దాటాయి. రాష్ట్రంలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వాస్పత్రుల్లో 44.5. పాత ఆదిలాబాద్‌లో భాగమైన కుమురం భీం ఆసిఫాబాద్‌లో మాత్రం రాష్ట్ర సగటుకంటే చాలా తక్కువ. ఇన్ని కోతలెందుకన్న చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. కానీ కోత పడ్డాక ఆ తల్లి ఎలా కోలుకుంటోందన్నది ఎవరికీ పట్టడం లేదు.

పేగులెందుకు మొరాయిస్తాయి?

ఆపరేషన్ తాకిడికి, కొన్ని రకాల నొప్పి మందులకు, కదలకుండా పడుకోవడానికి పేగుల కదలిక మందగిస్తుంది. చిన్నపేగు కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. పెద్దపేగుకు మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి మొదటి రెండ్రోజులూ విరేచనం కాలేదని హైరానా పడక్కర్లేదు.

గ్యాస్ పోయేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది పాత పద్ధతి. ఇబ్బందులేవీ లేని సిజేరియన్ తర్వాత రెండు గంటల్లోనే మామూలు ఆహారం మొదలుపెట్టవచ్చని 2019లో ఈరాస్ సొసైటీ అనే అంతర్జాతీయ వైద్య సంఘం సూచించింది. తిండి పడితేనే పేగులు త్వరగా కదులుతాయి. చూయింగ్ గమ్ నమిలినవారికి గ్యాస్ సుమారు ఏడు గంటలు ముందే పోయిందని 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. అయితే తిండి త్వరగా మొదలుపెట్టినవారికి దానితో పెద్దగా పనిలేదు.

పత్యం పేరుతో దాహం

కాళ్ల తిమ్మిరి తగ్గి పట్టు రాగానే, ఒకరి సాయంతో లేచి నాలుగడుగులు వేయాలి. దగ్గొచ్చినా, లేచినా కుట్లమీద దిండు అదిమిపట్టుకుంటే నొప్పి తెలియదు.

ఇంటికొచ్చాకే అసలు చిక్కు. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లకు చీము పడుతుందని పెద్దవాళ్లు గ్లాసు లాగేసుకుంటారు. పాలిచ్చే తల్లికి నీళ్లు మరింత కావాలి. దానికి తోడు ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. అలాగని వాటిని మానేయకూడదు. నీళ్లు, పప్పు, ఆకుకూరలు, బీరకాయ, పండ్లు పెంచాలి. పాలిచ్చేవారికి సరిపడే విరేచనం మందులున్నాయి, డాక్టరును అడగండి. ఇంట్లో ఆముదం పట్టించడం, ఎనిమా చేయడం వద్దు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పొట్ట గంటగంటకూ ఉబ్బడం, ఆగని వాంతులు, గ్యాస్ అసలే పోకపోవడం, భరించలేని కడుపునొప్పి, జ్వరం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కరీంనగర్‌లో ఉన్నామె ఆటో ఎక్కి వెళ్లిపోవచ్చు. ఆదిలాబాద్ రిమ్స్‌లో కాన్పై ఉట్నూరు అవతలి గూడేనికి చేరినామెకు ఆ వీలుండదు. అందుకే డిశ్చార్జి చేసేటప్పుడే ఈ గుర్తులన్నీ ఆమెకు, ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పి పంపాలి. చెప్పకపోతే మీరే అడగండి.

ఆపరేషన్ తేదీ ఖాయమైతే ముహూర్తం గురించి ఎన్నిసార్లు అడుగుతామో! నీళ్లెప్పుడివ్వాలి, తిండెప్పుడు పెట్టాలి, ఎప్పుడు నడిపించాలి అన్న మూడు ప్రశ్నలూ ముందే డాక్టరును అడగండి. జవాబు విన్నప్పుడు అమ్మనూ అత్తమ్మనూ పక్కనే ఉంచుకోండి. రేపు మంచం పక్కన గ్లాసు పట్టుకునేది వాళ్లే కదా!